పన్నెండో గాజు

ఫ్రెంచ్ క్లాసులో చేరేనాటికి నా దగ్గరున్న సరుకు ఇది. భాషలు నాలుగు: ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, ఫిరోజాబాద్ గాజుల ఫ్యాక్టరీలతో ఫోనులో హిందీ, అఫ్జల్‌గంజ్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తాతో తిట్టుకోవడానికి సరిపడా మరాఠీ. ఒక్కదానికీ ఫీజు కట్టలేదు, ఒక్కదానికీ పరీక్ష రాయలేదు. వయసు యాభై ఒకటి. మోకాళ్లు రెండు, వాటిలో పనిచేసేది ఒకటి. భార్య సుశీల. ఒక్కతే కూతురు, స్రవ్య, ఏడో తరగతి. లాల్‌దర్వాజా గల్లీలో మా నాన్న పెట్టిన గాజుల హోల్‌సేల్ దుకాణం. వీటన్నిటికంటే బరువైన సరుకు ఇంకొకటి ఉండేది. నాకు అన్నీ తెలుసన్న నమ్మకం.

మా వ్యాపారం సంగతి ఒకటి ముందే చెప్పాలి. గాజులు డజన్ లెక్కన అమ్ముతాం. పన్నెండింటిని దారంతో కట్టి, పైన కాగితం చుడతాం. లారీలో వచ్చిన సరుకులో పగిలినవి తీసేస్తే ఒక్కోసారి పదకొండే మిగులుతాయి. పదకొండు గాజుల కట్టను ఎవరూ కొనరు. అప్పుడు సన్నగా నెర్రె విచ్చిన గాజును ఒకదాన్ని కట్ట మధ్యలో దాచి డజన్ నింపుతాం. ఇది మా నాన్న నేర్పిన విద్య. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పాడు. కొన్నవాళ్లు కట్ట విప్పి ఆ గాజును పట్టుకుంటే మారుమాట్లాడకూడదు. అదే రంగులో, అదే సైజులో మంచి గాజు అక్కడికక్కడే ఇవ్వాలి. దొరికేదాకా వ్యాపారం, దొరికాక ధర్మం. మా బజారులో దీన్ని తప్పినవాణ్ని నేను చూడలేదు.

ఇక అసలు కథ. మా స్రవ్య చదివే బడి మా గల్లీ చివరే. చిన్న ప్రైవేటు బడి. దాని కరస్పాండెంట్ బాలకిషన్ సార్ తాతల కాలం నుంచి బట్టల వ్యాపారం చేసిన ఇంటివాడు. కిందటేడు ఆయన ఎవరి మాట విన్నాడో గానీ, బడి వదిలాక ఒక గంట ఫ్రెంచ్ క్లాసు పెట్టించాడు. చెప్పే అమ్మాయి పేరు హరిచందన. జల్‌పల్లి నుంచి రోజూ రెండు ఆటోలు మారి వస్తుంది. మొదటి ఏడాది ఇరవై మంది పిల్లలు చేరారు. మా స్రవ్య కూడా.

ఈ ఏడాది జూన్‌లో తల్లిదండ్రుల మీటింగు పెట్టి, ఫ్రెంచ్ ఉంచాలా, ఆ గంట కూడా లెక్కలకే ఇవ్వాలా అని బాలకిషన్ సార్ అడిగాడు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. నేను లేచాను. ఎవరూ లేవని చోట లేవడం నాకు అలవాటు.

"సార్, నేనొక మాట అడుగుత. మన లాల్‌దర్వాజల ఫ్రెంచ్ మాట్లాడెటోణ్ని ఒక్కణ్ని చూపియ్యున్రి. రేపటి సంది నా దుకాణం బోర్డు ఫ్రెంచ్‌ల రాపిస్త."

హాలంతా నవ్వింది. తలుపు దగ్గర బ్యాగు భుజాన వేసుకుని నిలబడ్డ హరిచందన మాత్రం నవ్వలేదు.

"అంకుల్, మీ దుకాణంల గాజులు లాల్‌దర్వాజల తయారైతయా?"

"కాదు. ఫిరోజాబాద్‌ల."

"వాళ్లతోని ఏ భాషల మాట్లాడుతరు?"

"హిందీ."

"ఎప్పుడు నేర్చుకున్నరు?"

"అవసరం పడ్డంక."

"పిల్లలకు అవసరం పడకముందే నేర్పెటందుకే బడి ఉన్నది అంకుల్."

ఆ మాట నాకు అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ రోజు మాత్రం, "అవసరం పడకముందే గొడుగు వట్టుకొని తిరిగితే జనం నవ్వుతరు మేడం" అన్నాను. చప్పట్లన్నీ నాకే పడ్డాయి. వారం తిరిగేలోపు తొమ్మిది మంది తండ్రులు తమ పిల్లల పేర్లు తీయించేశారు. ఇరవై మందిలో పదకొండు మంది మిగిలారు. పన్నెండు మంది కంటే తక్కువైతే క్లాసు నడపలేనని బాలకిషన్ సార్ నోటీసు అంటించాడు.

అప్పటినుంచి స్రవ్య నాతో మాట్లాడటం మానేసింది. అది నేను గమనించలేదు. ఎందుకంటే అంతకుముందు కూడా ఆ పిల్ల పెద్దగా మాట్లాడేది కాదు. సుశీల చెబితే తెలిసింది.

"పిల్ల నీతోని మాట్లాడుతలేదు. చూస్తున్నవా?"

"ఎప్పుడు మాట్లాడిందే?"

"గదే చెప్తున్న. బడిల గూడ నోరు తెరవదట. ఇంగ్లిష్ క్లాసుల ఒక్క ముక్క తప్పు మాట్లాడితే ఇంట్ల ఇంగ్లిష్ మాట్లాడెటోళ్ల పిల్లలు నవ్వుతరట. ఫ్రెంచ్ ఎవ్వలింట్ల లేదు. అందరు సున్నకాన్నుంచే షురూ చేసిన్రు. గా ఒక్క క్లాసులనే మన పిల్ల గలగల మాట్లాడుతది. నువ్వు చప్పట్లు కొట్టిచ్చుకొని గదాన్నే బంద్ వెట్టిస్తివి."

ఇరవై రెండేళ్ల కాపురంలో సుశీల ఒకేసారి అన్ని మాటలు చెప్పడం నేను వినలేదు. అన్నం సగంలో లేచి చేయి కడుక్కున్నాను.

మర్నాడు తెగిన డజన్ నింపడానికి నాకు తెలిసిన విద్యతోనే బడికి వెళ్లాను.

"సార్, పన్నెండో ఫీజు నేను కడుత. క్లాసు నడిపియ్యున్రి."

"కట్టు. పేరు ఎవలిది రాయాలె?" అన్నాడు బాలకిషన్ సార్.

"నాది రాసుకోన్రి." పేరు రిజిస్టరులో ఉంటుంది, మనిషి దుకాణంలో ఉంటాడు అనుకున్నాను.

అక్కడే ఉన్న హరిచందన రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. "రాస్త అంకుల్. గని పేరున్నోళ్లు బెంచీ మీద కూసోవాలె."

బాలకిషన్ సార్‌కు వ్యాపారస్తుడి కళ్లు వచ్చాయి. "కూసునుడే కాదు. అక్టోబర్‌ల హాఫ్ ఇయర్లీ పెడుత. పన్నెండు మంది పాసైతేనే క్లాసు ఉంటది. పదకొండు మందైతే బంద్. మళ్ల నన్ను అడగొద్దు."

మీటింగులో నవ్వించిన నోరు నాది. ఎలా వెనక్కి తీసుకుంటాను? సరేనన్నాను. ఆ విధంగా నలభై ఏళ్లుగా పగిలిన గాజులను కట్ట మధ్యలో దాచిన రామలింగం, తానే పగిలిన గాజై పదకొండు మంది పిల్లల మధ్యలో కూర్చున్నాడు.

నిజంగానే మధ్యలో కూర్చోబెట్టింది హరిచందన, రెండో వరుస బెంచీలో. ఆ బెంచీ పన్నెండేళ్ల వాళ్ల కాళ్లకు కొలిచి చేసినది. నా మంచి మోకాలు బల్ల కిందికి పోయేది, రెండోది బయటే ఉండి గంటసేపు దారికి అడ్డం పడేది. స్రవ్య మొదటి వారం నా వైపు చూడలేదు. తర్వాత చూసింది, కానీ ఎవరి నాన్ననో చూసినట్టు చూసింది.

మా పక్క దుకాణం ఖయ్యూం భాయ్‌ది. లేసులు, అంచులు అమ్ముతాడు. ఆయన మనవరాలు జైనబ్ స్రవ్య తరగతే. ఫ్రెంచ్ మాత్రం తీసుకోలేదు. మీటింగులో నా మాటకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఖయ్యూం భాయే. "ఉర్దూ, హిందీ, తెలుగు, అంగ్రేజీ. చార్ జబానా బస్ నై క్యా?" నాలుగు భాషలు చాలవా అన్నది ఆయన లెక్క. సాయంత్రం ఆయన వచ్చి తీసుకెళ్లేదాకా జైనబ్ వరండాలో కూర్చునేది. నేను బెంచీ ఎక్కిన సంగతి తెలిశాక ఖయ్యూం భాయ్ అరగంట ముందే దుకాణం కట్టేసి రావడం మొదలుపెట్టాడు. కిటికీకి చేతులు ఆనించి నిలబడేవాడు.

"రామలింగం భాయ్, హోంవర్క్ చేసినవా? చేయకపోతే మేడం గోడకుర్చీ వేపిస్తది!"

"నీ లేసులు చూసుకోపో."

"లేసులు రోజు చూస్తనే ఉన్న. గిట్లాంటి తమాషా రోజు దొరుకుతదా?"

పిల్లలంతా నవ్వేవారు. స్రవ్య తల దించుకునేది. వరండాలో జైనబ్ లెక్కల నోట్‌బుక్కు ఒళ్లో పెట్టుకుని ఏదో రాసుకుంటూ ఉండేది.

చదువు విషయంలో నా పద్ధతి సులువు. ఏ భాషైనా నాకు కావలసింది ఎంత, ఎన్ని, తగ్గించు, కుదరదు. ఈ నాలుగు ముక్కలతోనే నాలుగు భాషలు గడిచాయి. ఐదోది ఎందుకు గడవదు? మొదటి రోజే అడిగాను. "మేడం, 'కుదరదు' అనేదాన్ని ఏమంటరు?"

"అది ఆఖర్ల చెప్త అంకుల్. ముందుగాల 'బాగున్నరా' నేర్చుకోన్రి."

ఒక్కరోజు మాత్రం నా దశ తిరిగింది. అరవై దాటిన అంకెలు చెబుతోంది. ఫ్రెంచ్‌వాళ్లకు ఎనభైకి వేరే మాట లేదట, నాలుగు ఇరవైలు అంటారట. తొంభై అంటే నాలుగు ఇరవైల పది. పిల్లలు గొల్లుమన్నారు, ఇదేం లెక్క అని. నేను లేచాను.

"నవ్వకున్రి. మా బుచ్చమ్మ గిట్లనే లెక్కవెడ్తది."

బుచ్చమ్మ మా దుకాణంలో గాజులు కొని, మలారం మూట నెత్తిన పెట్టుకుని జల్‌పల్లి కాలనీలన్నీ తిరిగి అమ్మే ముసలామె. నూరు దాకా అంకెలు రావు. ఇరవై, రెండిరవైలు, మూడిరవైలు, నాలుగిరవైలు, ఆ మీద పది. నలభై ఏళ్లలో ఒక్క గాజు లెక్క తప్పలేదు. చదువురాదని నేను ఎన్నోసార్లు ఆమె లెక్కను వెక్కిరించాను. సముద్రాల అవతల ఒక దేశం దేశమే బుచ్చమ్మలా లెక్కపెడుతుందని ఆ రోజు తెలిసింది. బోర్డు దగ్గరికి వెళ్లి ఎనభై నుంచి తొంభై తొమ్మిది దాకా తడుముకోకుండా చెప్పాను. స్రవ్య తలెత్తి చూసింది. ఈసారి సొంత నాన్ననే చూసింది.

అంకెలు అయిపోయాయి. వాక్యాలు వచ్చాయి. నా పతనం మళ్లీ మొదలైంది.

అయితే ఆ గంటలో నాకు తెలియనిది ఒకటి బయటపడింది. మా స్రవ్య గొంతు. ఇంట్లో ఆ పిల్ల "ఊఁ", "లేదు", "తిన్న" అనేది. క్లాసులో లేచి నిలబడి, చేతులు ఊపుతూ, మధ్యలో మేడంను ఆపి ప్రశ్నలు అడిగేది. తప్పు మాట్లాడేది, తానే నవ్వి సరిచేసుకునేది. ఏం చెబుతోందో నాకు సగం అర్థమయ్యేది కాదు. కూతురు మాట్లాడుతుంటే వినాలంటే పరాయి దేశపు భాష క్లాసులో ఫీజు కట్టి కూర్చోవలసి వచ్చింది.

పరీక్ష దగ్గర పడింది. నా బలం నాకు తెలుసు కనుక పాత మార్గం పట్టాను. మంచి రంగు చూసి ఒక డజన్ గాజులు తీసుకెళ్లి క్లాసు అయ్యాక హరిచందన బల్ల మీద పెట్టాను.

"గివి దేనికి అంకుల్?"

"ఊకనే మేడం. దసరా వచ్చె గద."

ఆమె కాగితం విప్పింది. దారం జరిపి ఒక్కొక్క గాజునూ వెలుతురుకు పెట్టి చూసింది. ఆరో గాజు దగ్గర ఆగింది.

"దీనికి నెర్ర ఉన్నది."

కావాలని పెట్టలేదు. అలవాటైన చేయి ఎక్కడి నుంచో తీసిన కట్ట అది. మారుమాట్లాడకుండా దుకాణానికి పరుగెత్తి, అదే రంగు, అదే సైజు గాజు తెచ్చి కట్టలో పెట్టాను. మా నాన్న చెప్పిన మాట తప్పలేదు. హరిచందన అంతా చూసి కట్టను నా చేతికే ఇచ్చేసింది.

"పరీక్ష ముందల నేను ఏం తీసుకోను అంకుల్. గని మీ పద్ధతి మంచిగున్నది."

రాత పరీక్ష అయింది. పిల్లలు పదకొండు మందీ గట్టెక్కారు. నాకు ముప్పై ఒకటి. అందులో సగం బుచ్చమ్మవి. పాసవడానికి ముప్పై ఐదు. మిగిలిన నాలుగు నోటి పరీక్షలో రావాలి. దానికి బాలకిషన్ సార్ తానే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కిటికీ దగ్గర ఖయ్యూం భాయ్ సిద్ధం.

ఒక్కొక్కరికి ఒక్కటే ప్రశ్న, మీ ఇంట్లోవాళ్ల గురించి. నేను ఇరవై జవాబులు బట్టీ పట్టాను. నా భార్య పేరు సుశీల. మాకు దుకాణం ఉంది. మా ఇల్లు చిన్నది. సరుకు నిండుగా ఉంది. నా వంతు వచ్చింది. హరిచందన నిదానంగా, మాట మాట విడదీసి అడిగింది. ప్రశ్న నాకు పూర్తిగా అర్థమైంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఒక్క మాట కూడా జారిపోలేదు.

"మీ కూతురికి ఏం ఇష్టం?"

మాటలున్నాయి. మామిడిపండు, పిల్లి, పాట, పాలు, పువ్వు, వాన. అన్నీ మొన్నటి పాఠంలోవే. ఏది తీసి ఇవ్వాలో తెలియలేదు. స్రవ్యకు ఏం ఇష్టం? పన్నెండేళ్లు పెంచాను. బడి బట్టల సైజు తెలుసు, చెప్పుల సైజు తెలుసు, గాజుల సైజు చీకట్లో కూడా చెప్పగలను. ఇష్టం సంగతి ఎన్నడూ అడగలేదు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. గిరాకీ ముందు ఎన్ని చెప్పలేదు! ఏ కొట్లోనూ దొరకని రంగు అంటాను, నిన్ననే వచ్చిన సరుకు అంటాను. కానీ సాక్షి పక్క బెంచీలోనే కూర్చుని నా వైపే చూస్తోంది.

"ఏమైంది అంకుల్? ప్రశ్న సమజ్ కాలేదా?"

"సమజైంది మేడం. జవాబే తెలుస్తలేదు."

కిటికీ దగ్గర ఖయ్యూం భాయ్ కూడా నవ్వలేదు. అప్పుడు వరండా నుంచి సన్నటి గొంతు ఫ్రెంచ్‌లో ఒక వాక్యం చెప్పింది. ఆమెకు వాన ఇష్టం అని.

అందరం తిరిగి చూశాం. జైనబ్. తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఖయ్యూం భాయ్ కిటికీ వదిలి అటు తిరిగాడు.

"ఏ క్యా బోలీ?" అన్నాడు మెల్లగా.

బాలకిషన్ సార్ తన లెక్క తాను ముగించాడు. "రామలింగం, నీకు సున్న. పదకొండు మందే పాసైన్రు. మాటంటే మాటే. సోమవారం సంది లెక్కలు."

స్రవ్య ఏడవలేదు. పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. అది చూశాక నాకు ఇంకేమీ కనిపించలేదు. బెంచీలోంచి లేవబోయాను, మోకాలు ఇరుక్కుంది. బల్లతో సహా లేచాను.

"ఆగు సార్. నువ్వు కట్ట ఇప్పినవ్. పగిలిన గాజు దొరికింది. అవునా కాదా?"

"ఏం గాజు?"

"నేనే. పదకొండుల నన్ను దాసిపెట్టి డజన్ అని చెప్పిన. దొరికిపోయిన. దొరికితే బజారు కట్టుబాటేంది? అక్కడికక్కడ మంచి గాజు ఇయ్యాలె. కొన్నోడు తీసుకోవాలె." జైనబ్ వైపు చేయి చూపించాను. "గిదో, అదే రంగు, అదే సైజు."

"మా బట్టల కాడ కోసినంక వాపస్ లేదు," అన్నాడు బాలకిషన్ సార్.

"గిది బట్ట కాదు. గాజుల సంగతి. మీ తాత గూడ మా నాయిన దుకాణంల మార్పిచ్చుకొని పోయెటోడు."

బడికి ఎంత కరస్పాండెంటైనా ఆయన బజారు ముందు మాట పోగొట్టుకోలేడు. "పిల్ల పేరు రిజిస్టరుల లేదు గదయ్యా," అన్నాడు చివరికి. "పెద్దమనిషి సంతకం పెట్టాలె. రాత పరీక్ష గూడ రాయాలె."

అందరం ఖయ్యూం భాయ్ వైపు చూశాం. నాలుగు నెలలు నన్ను చూసి నవ్వినవాడు. ఆయన మనవరాలిని చూస్తున్నాడు.

"ఎప్పుడు నేర్చుకున్నవ్ బేటా?"

"నువ్ రామలింగం అంకుల్‌ని చూసి నవ్వుతున్నప్పుడు, దాదా."

జైనబ్ లెక్కల నోట్‌బుక్కు తెరిచి చూపించింది. ముందునుంచి లెక్కలు, వెనకనుంచి ఫ్రెంచ్. ఖయ్యూం భాయ్ కళ్లద్దాలు సరిచేసుకుని ఆ పేజీలు తిప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా చివరిదాకా తిప్పాడు.

"అరే వా! నాలుగు నెలలు ఫుకట్ల, ఫీజు లేకుంట చదివింది! ఖాందాన్‌ల అసలు వ్యాపారి ఇదే. కాగితం ఇటియ్యున్రి సార్, సంతకం చేస్త."

జైనబ్ అక్కడే కూర్చుని రాసింది. యాభై ఎనిమిది వచ్చాయి. బాలకిషన్ సార్ నా పేరు కొట్టేసి ఆ గీత పైనే ఆ పిల్ల పేరు రాశాడు. నేను బ్యాగు తీసుకుని బయటికి వస్తుంటే హరిచందన ఆపింది.

"ఒక మాట అంకుల్. మామిడిపండో పిల్లో ఏదో ఒకటి చెప్తే నాలుగు మార్కులు ఏసేదాన్ని. నాకు వాక్యం కావాలె గని, నిజం అడగలె."

జీవితమంతా నెర్రె విచ్చిన సరుకు అమ్మాను. అది చెల్లుబాటయ్యే ఒకే ఒక్క రోజున నిజాయితీ చూపించాను. నా వ్యాపార తెలివి అంతటిది.

ఇప్పుడు నా చోట్లో జైనబ్ కూర్చుంటుంది. వరండాలో నేనూ ఖయ్యూం భాయ్ కూర్చుంటాం. ఆయన ప్రతి వాక్యానికీ "ఏం జెప్పింది? ఏం జెప్పింది?" అని మోచేత్తో పొడుస్తాడు. తెలిసింది చెబుతాను. తెలియని చోట నా సొంత సరుకు కలుపుతాను. నలభై ఏళ్ల చేయి ఒక్క పరీక్షతో మారదు.

పరీక్ష రోజు రాత్రి అన్నాల దగ్గర సుశీలను అడిగాను. "నీకేం ఇష్టమే?"

సుశీల గరిటె కింద పెట్టింది. "ఏం పోగొట్టినవ్? నిజం చెప్పు."

"ఏం పోలె. ఊకనే అడుగుతున్న."

"ఇరవై రెండేండ్లకు ఊకనే అడుగుతరా?" నా ముఖం చూసింది. నేను నవ్వడం లేదని తేలాక చెప్పింది. "బస్సుల కిటికీ పక్క సీటు. ఎప్పుడు నువ్వే కూసుంటవ్."

స్రవ్య పకపకా నవ్వింది. ఇంట్లో, తెలుగులో. "రాసుకో బాపూ, మళ్ల మర్చిపోతవ్," అంది.

రాసుకున్నాను. నాలుగు నెలల లెక్క ఇదీ. పోయినవి: సాయంత్రపు గిరాకీ, మిగిలిన ఒక మంచి మోకాలు, బజారులో పరువు కొంత, బస్సులో కిటికీ సీటు పూర్తిగా. వచ్చినవి: ముప్పై ఒక్క మార్కులు, నాలుగు ఇరవైల మీద పందొమ్మిది దాకా అంకెలు, మా ఇంట్లో ఒకరికి వాన, ఒకరికి కిటికీ. 'కుదరదు' అనే మాట మాత్రం రాలేదు. దాన్ని చెప్పకముందే నన్ను కట్టలోంచి తీసేశారు.